లేబరు దిగకముందే

చిరంజీవి అల్లుడికి,

మావయ్య దీవెనలు. మొన్న ఫోన్‌లో మాట్లాడినప్పుడు నీ గొంతులో సంతోషం సగం, కంగారు సగం వినిపించాయి. ముప్పై దాటకముందే సైట్ ఇన్‌ఛార్జివి అయ్యావు, అదీ చింతపల్లి దాటాక సీలేరు వైపు అడవిలో. రోడ్డు పని, రెండు వంతెనలు, నూట అరవై మంది లేబరు. దసరా వెళ్ళగానే దిగుతారన్నావు. "షెడ్లకి రేకులు ఆర్డర్ పెట్టేశాను మావయ్యా, క్యాంపు సంగతి అయిపోయినట్టే" అని కూడా అన్నావు. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. రేకులతో క్యాంపు అయిపోదురా. ఫోన్‌లో చెబుదామంటే నీకు సిగ్నల్ ఉండదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. చదివి మడిచి పెట్టెయ్యకు, మీ స్టోర్ కీపర్‌కి కూడా చూపించు.

ముందు నా తప్పొకటి చెబుతాను. ఇది మీ అమ్మకి కూడా తెలియదు. 1987లో రాయలసీమలో ఒక కాలువ పని. కంపెనీ పేరెందుకులే. నాకప్పుడు నీ వయసే. మే నెలలో పాలమూరు నుంచి అరవై జంటలు లారీల్లో దిగారు, వెంట పిల్లలు. వాగు పక్కన గుడిసెలు వేసుకున్నారు. నేను గీసిన లేఅవుట్‌లో పది మరుగుదొడ్లున్నాయి. మేనేజరు చూసి "వాళ్ళకి బయలే అలవాటయ్యా, దండగ ఖర్చు" అని ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. నేను సరేనన్నాను. నెల రోజులు ఏమీ కాలేదు. జూన్‌లో మొదటి వాన పడింది, గట్టు మీదిదంతా కడుక్కుని వాగులో కలిసింది. వాళ్ళు తాగేది ఆ వాగు ఇసుకలో తీసిన చెలమ నీళ్ళే. మూడో రాత్రికి ముప్పై నాలుగు మందికి వాంతులు, విరేచనాలు. జీపు టౌనుకి వెళ్ళింది, డ్రైవరు అక్కడే పడుకున్నాడు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టాలని నాకు తెలియదు. పైగా నీళ్ళు తాగితే ఇంకా పోతాయని ఎవరో అంటే, నేనే గుడిసె గుడిసెకీ తిరిగి నీళ్ళు ఆపించాను. తెల్లవారుజామున ఒక ట్రాక్టరు దొరికింది. దారిలో నాలుగేళ్ళ పాప పోయింది. పన్నెండో రోజుకి ఆ పాప తండ్రి, కూలీల్ని తీసుకొచ్చిన గుంపు మేస్త్రీ వెనకాల మళ్ళీ పనిలోకి వచ్చాడు. తీసుకున్న అడ్వాన్సు ఇంకా తీరలేదట. హాజరు పుస్తకంలో అతని పేరు రాసింది నేనే.

అప్పటి నుంచీ నా లెక్క ఒకటే. నీళ్ళు, మరుగుదొడ్డి, నీడ, ఈ మూడూ తయారయ్యాకే లేబరు దిగాలి. అందరూ చేసేది దీనికి తలకిందులు. ముందు మనుషుల్ని దించి, వాళ్ళ చేతే షెడ్లు వేయించి, దొడ్ల సంగతి మొదటి బిల్లు వచ్చాక చూద్దామంటారు. మొదటి బిల్లు చేతికి రావడానికి మూడు నెలలు పడుతుంది. ఈలోపు అందరికీ వాగు గట్టు అలవాటైపోతుంది. ఆ తర్వాత నువ్వు టైల్స్ వేసి కట్టించినా అటు రారు. కాబట్టి ముందు పదిహేను మందిని పంపు. తాపీ వాళ్ళు, ప్లంబరు, ఎలక్ట్రీషియన్, ఒక వంటమనిషి. వాళ్ళకి ఇరవై రోజులివ్వు. మిగతావాళ్ళు లారీ ఎప్పుడెక్కాలన్నది ఆఫీసు చార్టు చూసి కాదు, నీ నీళ్ళ ట్యాంకు చూసి చెప్పు.

నీళ్ళ లెక్క చేశావా? జల్ జీవన్ మిషన్‌లో ఊళ్ళకి మనిషికి రోజుకి 55 లీటర్ల లెక్క వేశారు. నీకు నూట అరవై మందికి 8,800 లీటర్లు. కాంక్రీటు పని చేసినవాడు ఊళ్ళో మనిషి కంటే ఎక్కువే కడుక్కోవాలి కాబట్టి పదివేలనుకో. అంటే 5,000 లీటర్ల ట్యాంకరు రోజుకి రెండు ట్రిప్పులు. ఆ ఘాట్ రోడ్డులో ట్యాంకరు ఒకరోజు ఆగిపోతే ఏంటి గతి? అందుకే రెండు రోజుల నీళ్ళు నిలవ ఉండేలా ట్యాంకులు పెట్టు. తాగే నీళ్ళ ట్యాంకు వేరుగా, రంగు వేరుగా ఉండాలి. దాని మీద తెలుగులో రాయిస్తే చాలదు, ఒడియాలోనూ హిందీలోనూ రాయించు. ఇది నా మాట కాదు, ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో రాయాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే ఉండేది. తాగే నీళ్ళ చోటు దొడ్లకీ బట్టలుతికే చోటుకీ కనీసం ఆరు మీటర్ల దూరం ఉండాలని కూడా అందులోనే ఉండేది. నన్నడిగితే ఆరు మీటర్లు ఏ మూలకీ చాలదు, కొండ వాలులో అసలే చాలదు. దొడ్డి గుంతకీ, నీళ్ళు తోడే బోరుకో ఊటకో మధ్య యాభై అడుగులు తగ్గనివ్వకు. గుంత ఎప్పుడూ వాలుకి కింది వైపే ఉండాలి. స్థలం చూడటానికి వాన పడుతున్నప్పుడు వెళ్ళు. నీళ్ళు ఎటు పారుతున్నాయో నీ కళ్ళకే కనిపిస్తుంది, లెవెల్ మిషన్ కూడా అక్కర్లేదు.

బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకి నాలుగు గ్రాములు, అంటే నీ 5,000 ట్యాంకుకి ఇరవై గ్రాములు. పొడి అలాగే చల్లెయ్యకూడదు. మగ్గులో ముద్దలా కలిపి, కాసేపు ఉంచి, పైన తేరిన నీళ్ళే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగాక, నీళ్ళలో క్లోరిన్ ఉందో లేదో చెప్పే క్లోరోస్కోప్‌తో చూడాలి. పసుపు రంగు రాలేదంటే పౌడరు చచ్చిపోయిందన్నమాట. మూత తీసిన బస్తా నెల రోజులుంటే దానిలో పస ఉండదు. మా స్టోర్‌లో ఒకసారి ఏడాది నాటి బస్తా దొరికింది, రోజూ నిష్ఠగా దాన్నే వేస్తున్నారు! చిన్న డబ్బాలు తెప్పించుకో. నీ సైటు ప్రకాశం జిల్లాలో అయ్యుంటే ఫ్లోరైడు గురించి రెండు పేజీలు రాసేవాణ్ణి. నీకు ఆ బెడద కాదు, వానలకి ఊట నీళ్ళు మట్టెక్కడం నీ బెడద. మట్టి నీళ్ళలో బ్లీచింగ్ పనిచేయదు. ముందు పటిక వేసి తేర్చాలి.

ఇక దొడ్లు. వరదలప్పుడు వేసే శిబిరాలకి ఇరవై మందికి ఒకటి తగ్గకూడదని ఒక లెక్క ఉంది. వరదలో ఇల్లు కొట్టుకుపోయినవాళ్ళకే అది ఉంటే, మనం పనికి పిలిచినవాళ్ళకి అంతకంటే తక్కువ ఇవ్వడానికి మనసెలా ఒప్పుతుంది? నీకు ఎనిమిది లెక్క తేలుతుంది, పది కట్టు. రెండు గుంతల పద్ధతిలో కట్టిస్తే ఒకటి నిండాక రెండోదానికి మార్చుకోవచ్చు, మనుషులెవరూ దిగి ఎత్తే పని ఉండదు. కట్టడం సులువే. నడిపించడమే కష్టం. కడిగే మనిషిని జీతమిచ్చి పెట్టు, మిగతావాళ్ళతో సమానంగా ఇవ్వు. చేతికి గ్లౌజులు, కాళ్ళకి బూట్లు ఇవ్వు. నాకు తెలిసిన సైట్లలో దొడ్లు పాడైపోవడానికి కారణం లేబరు అలవాట్లు కాదు, లోపల నీళ్ళు లేకపోవడం. చెయ్యి చాస్తే అందేలా కొళాయి లేకపోతే ఎవరు వెళ్తారు? ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. నీకు విడిగా దొడ్డి కట్టుకోకు. వాళ్ళ వరసలోనే ఒకటి వాడు. పదిరోజుల్లో పదీ శుభ్రంగా ఉంటాయి, ఎందుకుంటాయో నేను చెప్పక్కర్లేదు.

ఆడవాళ్ళ సంగతి నువ్వు అడగలేదు. మీ వయసు ఇంజనీర్లు ఎవరూ అడగరు, సిగ్గు. ఎంతమంది వస్తారో మేస్త్రీని అడిగితే "పది మంది ఉంటారు సార్" అంటాడు, పాతికమంది దిగుతారు. వాళ్ళ దొడ్లు మగవాళ్ళ వరసకి దూరంగా, వాళ్ళ గదులకి దగ్గరగా ఉండాలి. దారంతా లైట్లుండాలి. తలుపుకి లోపలి గడియ ఉండాలి, పై కప్పు ఉండాలి. పైనుంచి చూడొచ్చని భయం ఉంటే ఎవరూ స్నానం చెయ్యరు, చీకటి పడేదాకా ఆగుతారు. పగలంతా నీళ్ళు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట అని నలుగురు ఆడవాళ్ళు ఒకే వారం మందు బిళ్ళలు అడిగితే రోగం దొడ్డి తలుపులో ఉందని అర్థం చేసుకోవాలి. ఇది నాకు మీ అత్తయ్య చెబితే తెలిసింది. ఒకసారి సైటుకొచ్చి రెండు రోజులుంది, ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడింది. నేను ఆరు నెలల్లో కనిపెట్టలేనిది సాయంత్రానికల్లా తెచ్చి నా ముందు పెట్టింది. నెలసరి గుడ్డలు, ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా, వాటిని కాల్చే చిన్న పొయ్యి పెట్టించు. ఏవైనా అడగాలంటే నీ దగ్గరికి రారు, కాబట్టి స్టోర్‌లోనో మెస్‌లోనో ఒక ఆడమనిషిని ఉద్యోగానికి పెట్టుకో.

పిల్లలు రారని మేస్త్రీ ఒట్టేస్తాడు. నమ్మకు. తల్లి వస్తే పిల్ల వస్తుంది. చెట్టుకి చీర ఉయ్యాల కట్టి, ఆరేళ్ళ అక్కని కాపలా పెట్టి తల్లి ఇసుక మోస్తుంది. జేసీబీ వెనక్కి వచ్చేటప్పుడు డ్రైవరుకి అంత చిన్న పిల్ల కనపడదు. వంతెన పునాది గుంతలో వాన నీళ్ళు నిలిస్తే అది పిల్లలకి చెరువు. ప్రతి గుంత చుట్టూ ఆ రోజే కంచె వెయ్యాలి, రేపు కాదు. పాత చట్టంలో యాభై మందికి పైగా ఆడవాళ్ళు పనిచేస్తే ఆరేళ్ళ లోపు పిల్లలకి గది పెట్టాలని ఉండేది. దాని బదులు వచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్‌లో మొత్తం కార్మికులు యాభై దాటితే చాలన్నారు. నూట అరవై మందితో నువ్వు తప్పించుకోలేవు. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి కోసం పని జరుగుతుంటే, మట్టిలో దుమ్ములో ఆడుకుంటున్న కూలీల పిల్లల్ని చూసి మీరా మహదేవన్ అనే ఆవిడ అక్కడే ఒక గుడారంలో పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టింది. అదే తర్వాత మొబైల్ క్రెషెస్ అనే సంస్థ అయింది. కాబట్టి పెద్ద బిల్డింగ్ కావాలనుకోకు. నీడ ఉన్న గది, చుట్టూ దడి, పాలు, గుడ్డు, చూసుకోవడానికి ఒక మనిషి. దగ్గర ఊరి అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడితే వాళ్ళ లెక్కలో చేర్చుకునే వీలుంటుంది. చూసుకునే మనిషికి కూడా పూర్తి కూలి పడాలి. అక్కడ కక్కుర్తి పడితే రెండో రోజు ఆవిడ ఇసుక తట్ట ఎత్తుకుంటుంది, పిల్లలు మళ్ళీ చెట్టు కిందకి.

షెడ్లకి వద్దాం. రేకు ఎండకి కాలుతుంది, చలికి మంచులా ఉంటుంది, వానకి చెవులు పగలగొడుతుంది. నీకు దసరా తర్వాత మొదలు కాబట్టి ముందు వచ్చేది చలి. లంబసింగి నీకు దగ్గరే కదా, అక్కడ చలికాలంలో సున్నా దగ్గరికి దిగుతుంది. పలాస నుంచో గంజాం నుంచో వచ్చినవాడు ఒక్క దుప్పటితో దిగుతాడు. రాత్రికి ఓర్చుకోలేక కుంపట్లో బొగ్గులు వేసి, గదిలో పెట్టుకుని, తలుపు బిగించి పడుకుంటాడు. తెల్లారేసరికి లేవడు. బొగ్గు పొగ అంటే కంటికి కనపడేది అనుకుంటారు అందరూ. చంపేది కనపడదు, వాసన రాదు. గదిలో నిప్పు వద్దని బోర్డు పెడితే వినరు. మనిషికి రెండు మందపాటి కంబళ్ళు ఇచ్చి, పొద్దున్నా సాయంత్రం వేడినీళ్ళకి పెద్ద డ్రమ్ము బయట పెట్టించి, చలి కాచుకోవడానికి ఆరుబయట నెగడు వేయించు. అప్పుడు వినే అవకాశం ఉంది. గదికి పైన గాలి పోయే సందు తప్పనిసరిగా ఉంచు, చలి వేస్తోందని వాళ్ళు గోనెసంచులు కుక్కుతారు, వారానికోసారి చూస్తుండు.

మనిషికి నలభై చదరపు అడుగులు చోటు, ఒక మంచం. మంచం సుఖానికి అనుకునేవు, కాదు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాడిని కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. తెల్లవారాక కడుపునొప్పి అంటాడు, కళ్ళు మూతలు పడుతుంటాయి, మందు తాగి పడుకున్నాడులే అనుకుంటారు. మంచం, దోమతెర, దోమతెర అంచులు పరుపు కింద దోపుకోవడం, ఈ మూడూ కలిసి పాముకీ మలేరియాకీ ఒకే మందు. కరిచిందని అనుమానం వస్తే కోయడాలు, కట్టడాలు, పసరు మందులు వద్దు. కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పాము విషానికి సూదిమందు నీ దగ్గర పీహెచ్‌సీలో ఉందో లేదో ఇప్పుడే వెళ్ళి కనుక్కో. లేకపోతే చింతపల్లా, నర్సీపట్నమా అన్నది ఇవాళే తేల్చుకోవాలి, అర్ధరాత్రి కాదు.

108 ఉందిగా అంటావు. ఉంది. 2005లో మన రాష్ట్రంలో ఆ అంబులెన్సులు వచ్చాక ఎన్ని ప్రాణాలు నిలిచాయో నేను కళ్ళారా చూశాను. కానీ ఫోన్ కలవాలి, బండి కొండెక్కి రావాలి. నీ జీపొకటి ఎప్పుడూ క్యాంపులోనే ఉండాలి. డ్రైవరు క్యాంపులోనే పడుకోవాలి. తాళం చెవి గోడకి తగిలించి ఉండాలి, నీ జేబులో కాదు. ఆ బండిని సాయంత్రం కూరగాయలకి పంపడం మొదలుపెట్టావంటే 1987లో నేను చేసిందే నువ్వూ చేస్తావు.

ఇద్దరు ముగ్గురికి ఫస్ట్ ఎయిడ్ నేర్పించు. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు వందలు స్టోర్‌లో ఉంచు. అయిపోతే ఇది అందరికీ నోటికి రావాలి: లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి. మలేరియాకి కూడా ఒక పద్ధతి ఉంది. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష, పారాసిటమాల్ వేసి రెండు రోజులు చూద్దామన్న మాట లేదు. ఆ ఏజెన్సీలో మెదడుకెక్కే రకం మలేరియా ఉంటుంది. ఆశా కార్యకర్తని వారానికోసారి క్యాంపుకి పిలువు, కొత్తగా దిగిన ప్రతి మనిషికీ పరీక్ష చేయించు. ఒడిశా నుంచీ ఛత్తీస్‌గఢ్ నుంచీ వచ్చినవాడు ఒంట్లో తెచ్చుకుని ఉండొచ్చు. కాంక్రీటు గట్టిపడాలని క్యూరింగ్‌కి నిలిపిన నీళ్ళలో దోమలు గుడ్లు పెడతాయి, కాబట్టి వారానికోసారి వదిలేసి కొత్త నీళ్ళు పెట్టించు. నువ్వు కాంక్రీటు గురించి చదువుకున్నావు కానీ ఇది ఏ కాలేజీలోనూ చెప్పరు.

తిండి దగ్గర నా అభిప్రాయం కాస్త మొండిది. పాత చట్టంలో 250 మంది ఉంటే క్యాంటీన్ పెట్టాలని ఉండేది, కొత్త కోడ్‌లో వంద మందికే. కాబట్టి పెట్టాలి, పెట్టు. టీ, టిఫిను, మధ్యాహ్నం అన్నం అక్కడ ఉండనీ. కానీ రాత్రి వంట ఎవరిది వాళ్ళు వండుకునే ఏర్పాటు కూడా చెయ్యి. ఒడియా వాళ్ళకి ఉప్పుడు బియ్యం కావాలి, పొద్దున్నే పఖాల తినాలి, అదే మన చద్దన్నం లాంటిది. బీహార్ వడ్రంగికి ఆవనూనె లేని కూర గొంతు దిగదు. పాలమూరు మనిషికి జొన్నరొట్టె, పచ్చికారం. అందరికీ కలిపి ఒకే సాంబారు పోస్తే నెల తిరక్కుండా సగం మంది వెళ్ళిపోతారు, కూలి తక్కువని కారణం చెబుతారు. పడుకునే గదులకి దూరంగా వంట షెడ్డు కట్టించి, గ్యాసు ఇప్పించు. కట్టెలకి అడవిలోకి పంపితే ఫారెస్టు వాళ్ళతో రోజూ తగువు.

అంతకంటే పెద్ద సంగతి క్యాంపులో కొట్టు. మేస్త్రీ బావమరిదో ఎవరో ఒక బడ్డీ పెట్టి బీడీలు, సబ్బులు, నూనె అప్పు మీద ఇస్తాడు. ధర వాడి నోటికొచ్చిందే. శనివారం ఖర్చీ, అంటే వారం ఖర్చులకి డబ్బు, ఇచ్చేటప్పుడు పద్దు తీస్తాడు. కూలి అంతా అక్కడే పోతుంది. అలా బాకీలో పడ్డవాడు ఇంటికి వెళ్ళలేడు, జ్వరమొచ్చినా పని మానలేడు. మేస్త్రీకి కొట్టు ఇవ్వనే ఇవ్వకు. పక్క ఊరి పొదుపు సంఘం ఆడవాళ్ళకి ఇవ్వు, ధరల పట్టిక గోడ మీద రాయించు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపో దగ్గరుంటే అక్కడి నుంచి సరుకు తెప్పించు, గిరిజనుల కోసం 1956లో పెట్టిన సంస్థ, ధరల్లో మోసం ఉండదు. వారానికోసారి సంత రోజున సగం పూట సెలవిచ్చి, సీట్లున్న బండి పంపు. టిప్పరు వెనక నిలబెట్టి పంపితే మాత్రం నీతో మాట్లాడను. సంతకి వెళ్తే జీలుగు కల్లు తాగుతారు, తాగనీ. తిరిగొచ్చే బండిలో ఒక గట్టి మనిషిని కూర్చోబెట్టు చాలు.

కూలి డబ్బు ఇప్పుడు బ్యాంకులో పడుతుంది, మంచిదే. కానీ ఏటీఎం కొండ కింద ఉంటే అది ఉన్నా లేనట్టే. ఆ సంత బండే ఏటీఎం దగ్గర కూడా ఆగాలి. చార్జింగ్ బోర్డులు ఎక్కువ పెట్టించు. యాభై మందికి నాలుగు ప్లగ్గులు పెడితే, వైర్లు పీకి పుల్లలతో గుచ్చుతారు. బోర్డుకి కరెంటు లీకైతే కొట్టేసే స్విచ్ ఉండాలి, ముప్పై మిల్లీ ఆంపియర్లది. సిగ్నల్ లేనిచోట ఒక వైఫై పెట్టించు. ఇది విలాసం అనుకోకు. ఇంటికి మాట్లాడలేనివాడు మూడో వారం మూట కట్టుకుంటాడు.

బీహార్ వాళ్ళని ఛఠ్ పండుగ అయ్యాక రప్పించుకో. దీపావళి తర్వాత ఆరో రోజు అది. ముందే రప్పిస్తే పది రోజులు పని చేసి పోతారు, రానుపోను చార్జీ నీకే దండగ. పడమటి ఒడిశా వాళ్ళకి నువాఖాయి, వినాయక చవితి మర్నాడు. శ్రీకాకుళం వాళ్ళకి సంక్రాంతి. ఈ మూడు తేదీలూ నీ ప్రోగ్రాంలో ఎర్ర రంగుతో ఉండాలి. పండక్కి పోనివ్వకపోతే చెప్పకుండా పోతారు, పోనిస్తే చెప్పి తిరిగొస్తారు.

ప్రతి మనిషి పేరు, ఊరు, పోలీస్ స్టేషను, ఇంట్లో ఇద్దరి ఫోన్ నెంబర్లు రాసిన పుస్తకం ఒకటి నీ టేబుల్ మీద ఉండాలి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు కదా. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, కశ్మీర్, పంజాబ్. టీవీలో చూస్తూ నేను ఆలోచించింది ఆ ఇళ్ళకి ఎవరు ఏ భాషలో ఫోన్ చేశారో అని. నా సర్వీసులో మూడుసార్లు ఆ ఫోన్ నేనే చెయ్యాల్సొచ్చింది. ఒకసారైతే మేస్త్రీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఊరి పేరు లేదు, ఆ మేస్త్రీ పారిపోయాడు.

కాగితాల పని కూడా ఉంది. బిల్లులోంచి ఒక శాతం కార్మికుల సెస్సు కింద కోసేసుకుంటారు, చూశావుగా. ఆ డబ్బు చేరే సంక్షేమ బోర్డులో మన లేబరు పేరే ఉండదు, అదీ విచిత్రం. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ళ మధ్య ఉండి, ఏడాదిలో తొంభై రోజులు నిర్మాణ పని చేస్తే చాలు, కార్డుకి అర్హులు. ఒక ఆదివారం కార్మిక శాఖ వాళ్ళని పిలిపించి, కుర్చీలు వేసి, టీ ఇచ్చి అందరి చేతా ఫారాలు నింపించు. అసంఘటిత కార్మికులకి కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డులు కూడా అప్పుడే. ఆ 1996 చట్టం ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిసింది, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. మీ ఆఫీసు లాయరుని అడిగి రూల్స్ తెప్పించుకో. చదవడానికి విసుగే, కానీ హెడ్ ఆఫీసుతో వాదించడానికి అంతకంటే మంచి కర్ర లేదు.

హెడ్ ఆఫీసు ఎలాగూ వాదిస్తుంది. "నూట అరవై మందికి పది దొడ్లా?" అని అడిగే మనిషి ప్రతి కంపెనీలో ఒకడుంటాడు. వాడితో జాలి గురించి మాట్లాడకు, వాడి భాషలో మాట్లాడు. ఇనుప కడ్డీలు వంచే రాడ్ బెండర్లు పాతికమంది చెప్పకుండా వెళ్ళిపోతే కొత్తవాళ్ళని తేవడానికి అడ్వాన్సెంత, చార్జీలెంత, వాళ్ళొచ్చేదాకా క్రేన్ అద్దెంత, ఒక కాగితం మీద కూడి పంపు. నేను అలా పంపిన మొదటిసారే దొడ్లతో పాటు వేడినీళ్ళ డ్రమ్ములు కూడా శాంక్షన్ అయ్యాయి.

పక్క ఊరి వాళ్ళని మర్చిపోకు. వాళ్ళ ఊట, వాళ్ళ స్నానాల రేవు మన లేబరుకి కాదు. దిగిన మొదటి రోజే ఊరి పెద్దల దగ్గర కూర్చుని, ఎటు వెళ్ళొచ్చో ఎటు వెళ్ళకూడదో అడిగి తెలుసుకుని, అదే మన వాళ్ళకి గట్టిగా చెప్పు. వాళ్ళలో కొంతమందికి పని కూడా ఇవ్వు. ఒక్క ఆడపిల్ల విషయంలో మాట తేడా వచ్చినా నీ క్యాంపు మర్నాటికి ఉండదు, ఉండకూడదు కూడా.

చివరగా, క్యాంపుని పగలు చూస్తే ఏమీ తెలియదు. పగలు అంతా పనిలో ఉంటారు, షెడ్లు ఊడ్చి ఉంటాయి. రాత్రి తొమ్మిదింటికి, కాళ్ళకి బూట్లు తొడుక్కుని, టార్చి పట్టుకుని ఒక్కడివే తిరుగు. ఎక్కడ లైటు వెలగడం లేదు, ఎవరు దగ్గుతున్నారు, ఏ గదిలో బొగ్గు వాసన, ఎవరు అన్నం తినకుండా పడుకున్నారు, అన్నీ అప్పుడే తెలుస్తాయి. మొదట్లో నిన్ను చూసి మాట్లాడటం ఆపేస్తారు. రెండు వారాలకి "టీ తాగుతావా బాబూ" అంటారు. తాగు, వాళ్ళ గ్లాసులోనే తాగు.

ఈ ఆదివారం స్థలం చూడటానికి వెళ్తానన్నావుగా. ట్యాంకరు ఎక్కడ ఆగుతుంది, దొడ్లు ఎక్కడ, వాగు ఎటు పారుతోంది, ఒక తెల్లకాగితం మీద గీసి వాట్సాప్‌లో ఫొటో పంపు. చూసి చెబుతాను. ఉత్తర దిక్కు గుర్తు వెయ్యి, పోయినసారి మర్చిపోయావు. మీ అత్తయ్య నీకని రెండు కంబళ్ళు, కేజీ కందిపొడి కట్టి ఉంచింది. నర్సీపట్నం బస్సులో పంపిస్తున్నాం, డ్రైవరు నెంబరు మెసేజ్ చేస్తాను.

మీ మావయ్య
విజయనగరం